రబ్బరుపాలతో నేను కురిపించిన మంచు

మలయా దేశంలో మంచు కురిసిందంటే మీరు నమ్మరు. నమ్మకండి, అది నిజం మంచు కాదు. కానీ ఒక క్రిస్మస్ మధ్యాహ్నం కురిసింది. తెలుక్ ఆన్సన్‌కి ఏడు మైళ్ళ దూరంలో, మా రబ్బరు తోటలో, పెద్దదొర బంగళా వరండాలో. కురిపించిన ఘనుణ్ణి నేనే. ఆ మంచు కరగలేదు, వచ్చిన చిక్కల్లా అదే. కరిగిపోయి ఉంటే ఆ తరువాత నలభై ఏళ్ళూ నాకు అన్నం ప్రశాంతంగా గొంతు దిగేది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఆ వయసులో మనిషికి తెలివి ఉండదని నేననను. ఉంటుంది, కాకపోతే అవసరమైన రోజునే దాన్ని ఇంట్లో మరిచిపోయి వస్తాడు. నాది రబ్బరు స్టోరులో పని. చెట్లు గీసేవాళ్ళు బకెట్లతో తెచ్చిన పాలను రేకు తొట్లలో పోసి, ఆసిడ్ కలిపి, పైకి తేలిన నురగను చెక్క పలకతో తీసి పారెయ్యాలి. నురగ మిగిలితే రబ్బరులో బుడగలు పడతాయి, బుడగలు పడితే దొర తిడతాడు. ఆరేళ్ళు అదే పని చేశాను. నురగ విద్యలో నన్ను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడని నాకు గట్టి నమ్మకం. ఇప్పటికీ లేడనే అంటాను. ఆ విద్యతో ఇంత నష్టపోయినవాడైతే ఖాయంగా లేడు.

నా భార్య పేరు పైడమ్మ. మాకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ ఏడాది నిండకుండానే జ్వరాలకు పోయారు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు పైడమ్మ సింహాచలం అప్పన్నకు మొక్కుకుంది. బిడ్డ బతికితే, ఐదేళ్ళు నిండేలోగా కొండకు తీసుకొచ్చి పుట్టువెంట్రుకలు ఇస్తానంది. ఆడపిల్ల పుట్టింది, బతికింది. అప్పలనర్సమ్మ అని పేరు పెట్టి నర్సి అని పిలుచుకున్నాం. పుట్టిన నాటి నుంచి దాని తల మీద కత్తెర పడలేదు. జుట్టు నడుము దాటింది. ప్రతి శనివారం పైడమ్మ ఆ జుట్టుకు కొబ్బరినూనె పట్టించి, చిక్కు తీసి, పైకి చుట్టి గుడ్డ కట్టేది. అది పిల్ల జుట్టని ఆవిడ ఎన్నడూ అనలేదు. దేవుడి సొమ్ము, దాచమని మన దగ్గర పెట్టాడు అనేది.

నర్సికి ఐదేళ్ళు వైశాఖంలో నిండుతాయి. క్రిస్మస్ ముంచుకొచ్చింది, మేమింకా తోటలోనే ఉన్నాం. పినాంగులో ఓడెక్కి, మద్రాసులో దిగి, రైలెక్కి మా ప్రాంతానికి వెళ్ళి రావాలంటే ఆరు నెలల మాట. తిరిగొచ్చాక నా పని నాకు, కూలీల వరస ఇళ్ళలో, అంటే లైన్లలో, మా గది మాకు ఉండాలంటే పెద్దదొర సంతకం పెట్టిన సెలవు చీటీ కావాలి. దాని కోసం మూడుసార్లు ఆఫీసు మెట్లెక్కాను. దొర మాట నాకు, నా మాట దొరకు చేరవేసేవాడు క్రాణీ, అంటే మా ఆఫీసు గుమాస్తా. అరవాయన. మా తెలుగువాళ్ళ మధ్య పదేళ్ళు తిరిగి మా భాష పట్టేశాడు. మూడోసారి దొర, అసలు ఎందుకయ్యా సెలవని అడిగాడు. పిల్ల జుట్టు తీయించడానికని చెప్పాను. క్రాణీ ఆ మాటను ఇంగ్లీషులో పెట్టగానే దొర నోట్లో చుట్ట ఊడి బల్ల మీద పడేంతగా నవ్వాడు.

క్రాణీ నా వైపు తిరిగి, "లైన్లలో మంగలి లేడా అని అడుగుతున్నారు" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పలేక, దొర ఆలోచిస్తున్నాడని పైడమ్మతో అబద్ధమాడాను. చీటీ మాత్రం ఎలాగైనా సంపాదించాలని లోపల పట్టుదల వచ్చింది. నా జీవితంలో నాకు పట్టుదల వచ్చిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి నష్టం జరిగింది.

ఇక మంచు సంగతి. దొరసానికి ఏడేళ్ళ కూతురు ఉండేది. చదువు కోసం కొద్ది నెలల కిందటే ఆ పిల్లను ఓడెక్కించి వాళ్ళ దేశం పంపేశారు. అప్పటి నుంచి దొరసాని సాయంత్రాలు వరండాలో ఒక్కతే కూర్చునేది. క్రిస్మస్‌కి బంగళాలో సరుగుడు చెట్టు కొమ్మ ఒకటి నిలబెట్టి, దానికి దీపాలు కట్టి, మంచు పడినట్టు బూరుగుదూది అంటించడం వాళ్ళ ఆనవాయితీ. ముందటేడు కొవ్వొత్తి తగిలి దూది భగ్గుమంది, కిటికీ తెర సగం కాలింది. అందుచేత దూది వద్దని దొర ఖండితంగా చెప్పేశాడు. మంచు లేకపోతే అది క్రిస్మసే కాదని దొరసాని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సరుగుడు కొమ్మ మోసుకెళ్ళినవాణ్ణి నేను గనక, పక్కన నిలబడి ఇదంతా విన్నాను. క్రాణీని గుచ్చిగుచ్చి అడిగి అర్థం చెప్పించుకున్నాను.

వెంటనే నా బుర్రలో నురగ పొంగింది.

"నాను సేస్తాను దొరసానీ. కాలని మంచు" అన్నాను.

రబ్బరు దూదికంటే బాగా మండుతుందని మీరు అడ్డుపడతారేమో. ఆరేళ్ళు రబ్బరు మధ్యే బతికినవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. ఆ క్షణాన గుర్తు రాలేదు. క్రాణీ నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"సుమ్మా ఉండులా, అప్పలసామీ" అన్నాడు. ఊరికే ఉండవయ్యా అని దానర్థం. నా జన్మలో నాకెవరైనా ఇచ్చిన సలహాల్లో అంత విలువైనది ఇంకోటి లేదు. దాన్ని చెయ్యి విదిలించుకున్నట్టు విదిలించుకున్నాను.

క్రిస్మస్ రోజు తోటకు సెలవు. తెల్లారకుండా నేనొక్కణ్ణే వెళ్ళి రెండు వందల చెట్లు గీసి, రెండు బకెట్ల పాలు పట్టాను. వాటిని బంగళా వెనక పెట్టుకుని, కొబ్బరి ఈనెల కట్టతో గంటసేపు గిలక్కొట్టాను. ఆసిడ్ చుక్కలు వేశాను. నురగ తెల్లగా, మెత్తగా లేచింది. దాన్ని సరుగుడు కొమ్మలకు పట్టించాను. నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, అచ్చం దొరసాని గోడ మీది పటంలో ఉన్నట్టే వచ్చింది. కొమ్మల చివర్ల నుంచి తెల్లగా జారి, జారిన చోటే ఆగింది. దొరసాని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తరువాత బల్ల మీదున్న ఒక కార్డు తెచ్చి చూపించింది. అందులో ఎర్ర గౌను వేసుకున్న చిన్నపిల్ల, పిల్ల జుట్టు మీద మంచు. దాన్ని చూస్తూ ఏదో గొణుక్కుంది.

"ఇట్లాంటి బిడ్డ ఒకతె చెట్టు కింద ఉంటే బాగుండును అంటోంది" అని క్రాణీ చెప్పాడు. చెప్పి, నా మొహం చూసి, చెప్పకుండా ఉండాల్సింది అన్నట్టు తల కొట్టుకున్నాడు.

నేను అప్పటికే లైన్ల వైపు పరుగెత్తుతున్నాను.

పైడమ్మ కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతోంది. గుంటని, అంటే పిల్లని, ఎక్కడికి తీసుకెళ్తున్నావని అడిగింది. దొరసాని చూస్తానందని, మిఠాయి ఇస్తారని చెప్పాను. పైడమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, నర్సి తలగుడ్డ ముడి ఇంకోసారి బిగించింది.

"గుడ్డ ఇప్పనీకు. పాల బకెట్టు కాడికి పోనీకు" అంది.

"నాకు సెప్తావేటి?" అన్నాను.

నాకే చెప్పాలి. ఇంకెవరికి చెబుతుంది?

దారిలో నర్సి నా వేలు పట్టుకుని గెంతుతూ, "అయ్యా, మంచంటే ఏటి?" అని అడిగింది. ఆకాశం నుంచి పడే నురగ అని చెప్పాను. అది కాస్త ఆలోచించి, "మరి దాన్నెవులు తీసి పారేత్తారు?" అంది. స్టోరులో నన్ను చూసిన పిల్ల కదా. ఎవరూ తియ్యక్కర్లేదు, దానంతటదే పోతుందని చెప్పాను. ఆ రోజు నేనాడిన అబద్ధాల్లో తెలియక ఆడింది అదొక్కటే.

బంగళాలో దొరసాని తన కూతురు వదిలివెళ్ళిన ఎర్ర గౌను తెచ్చి నర్సికి తొడిగింది. అది పిల్ల పాదాల దాకా వచ్చింది. దొరసాని మోకాళ్ళ మీద కూర్చుని గుండీలు పెడుతుంటే ఆవిడ ముక్కు ఎర్రబడింది. నర్సి తలగుడ్డ నేనే విప్పాను. నూనె పెట్టి పెంచిన జుట్టు జారి నడుము కిందికి పడింది. దొరసాని దాన్ని నిమిరి, ఇంత జుట్టు ఎలా పెంచారని అడిగింది. మొక్కు సంగతి చెప్పాల్సిన వేళ అది. నేనేం చేశానంటే, పళ్ళికిలించి, తమరి దయ దొరసానీ అన్నాను. ఆవిడ దయ ఏముంది అందులో? ఐదేళ్ళ నూనె పైడమ్మది.

తరువాత మూడు దోసిళ్ళ నురగ తీసి నా చేత్తో నేనే పిల్ల నెత్తిన పెట్టాను.

మీరిప్పుడు నన్ను తిట్టుకుంటున్నారని తెలుసు. తలకు గుడ్డ కట్టకుండా పాల దగ్గరికి వెళ్ళకూడదని తోటలో పాకే పిల్లకు కూడా తెలుసు. కానీ నా లెక్క నాకుంది. రోజూ పని కాగానే నా చేతులకు అంటిన రబ్బరును గోటితో లేపి లాగితే, పాము కుబుసంలా మోచేతి దాకా ఊడి వచ్చేది. జుట్టు మీదా అలాగే ఊడి వస్తుందనుకున్నాను. నా చేతుల మీద ఒక్క వెంట్రుకైనా ఎందుకు లేదో ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

నాలుగింటికి అతిథులు వచ్చారు. పక్క తోటల దొరలు, వాళ్ళ దొరసానులు, పదిమంది దాకా. మొదటి పావుగంట అంతా మెచ్చుకోలే. మా దొర నా వైపు చూసి తల కూడా ఊపాడు. ఆ తల ఊపులో సెలవు చీటీ కనిపించింది నాకు. తరువాత ఎండ వరండాలోకి వచ్చింది. ఆసిడ్ తగిలిన రబ్బరుపాలు ఎండలో ఏ వాసన కొడతాయో స్టోరులో పనిచేసేవాడికి తెలియదు, ముక్కు ఎన్నడో చచ్చిపోయి ఉంటుంది. దొరసానుల ముక్కులు బతికే ఉన్నాయి. ఒక్కొక్కరూ చేతిరుమాలు పైకెత్తారు. ఈగలు వచ్చాయి. తెల్లటి మంచు పసుపు రంగుకు తిరిగి, కొమ్మా కొమ్మా అతుక్కుని, చెట్టు ముడుచుకున్న గొడుగులా తయారైంది.

నర్సి తల గోక్కోవడం మొదలుపెట్టింది. ముందు ఒక చెయ్యి అతుక్కుంది, పీక్కుని ఏడ్చింది. అది చూసి దొరసాని గబగబా వచ్చి, పిల్లను ఎత్తి గుండెకు హత్తుకుంది. సొంత బిడ్డ గుర్తొచ్చిందేమో, గట్టిగానే హత్తుకుంది. దించబోతే పిల్ల తల రాలేదు. నర్సి జుట్టూ, దొరసాని గుండె మీది లేసు అల్లికా ఒకటైపోయాయి. అటు లాగితే పిల్ల ఏడుపు, ఇటు లాగితే లేసు చిరుగు. అతిథులు చేతిరుమాళ్ళ వెనక నుంచే నవ్వారు. మా దొర కూడా నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నా నవ్వు మీదే నాకు ఎక్కువ అసహ్యం.

నవ్వనిది దొరసాని ఒక్కతే. లోపలి నుంచి కత్తెర తెప్పించి, క్రాణీతో ఏదో చెప్పింది.

"తన గౌను కత్తిరించమంటోంది" అన్నాడు క్రాణీ. "పిల్ల జుట్టు ముట్టుకోవద్దంటోంది."

విన్నారు కదా. నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆవిడ గౌను, ఆవిడ కత్తెర, ఆవిడ ఇష్టం. నోరు మూసుకుని నిలబడటం తప్ప నేను చెయ్యాల్సిన పని భూమ్మీద ఒక్కటీ లేదు. కానీ ఆ లేసు చూశాను, దొర మొహం చూశాను. గౌను పోతే చీటీ పోతుందనిపించింది. రెండు చేతులూ జోడించి ముందుకొచ్చాను.

"వద్దు దొరసానీ. జుట్టే గదా. మళ్ళీ పెరుగుతాది."

క్రాణీ ఆ మాటను ఇంగ్లీషులో పెట్టలేదు. నా దగ్గరికి వచ్చి మెల్లగా, "ఆ జుట్టు కోసమే కదా నువ్వు సెలవడిగింది" అన్నాడు.

"సుమ్మా ఉండులా" అన్నాను నేను.

చూశారా నా తెలివి. పిల్ల జుట్టు తీయించడానికి సెలవు కావాలి, ఆ సెలవు రావడానికి పిల్ల జుట్టు తీసెయ్యాలి. ఇంత చక్కటి లెక్క నా తలకు తప్ప ఇంకెవరికీ తట్టదు. పిల్ల జుట్టు చూపించి కోత సైగ చేశాను, దొర కత్తెరను నా చేతికే ఇచ్చాడు. నేనే కత్తిరించాను. లేసు దగ్గరున్న జుట్టు కోశాక మిగతాదంతా చెవుల దాకా గట్టిపడి ఉంది, అదీ కోశాను. నర్సి కదలకుండా నిలబడింది. నేను చెప్పినట్టు విని నిలబడింది. చివరికి నా చేతిలో కొబ్బరికాయంత రబ్బరు ముద్ద మిగిలింది. దొరసాని గౌను మీద ఒక్క దారం కూడా తెగలేదు.

పొద్దుగూకే వేళకు ఇంటికి చేరాం. పిల్ల తలకు గుడ్డ కట్టే తీసుకెళ్ళాను. పైడమ్మ ముడి చూడగానే తాను వేసింది కాదని కనిపెట్టింది. విప్పింది. అరుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆవిడ నర్సి తల మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"ఎంటికలేవి?" అంది.

అరిటాకులో చుట్టిన ముద్ద ఇచ్చాను. కొబ్బరినూనె సీసా తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంది. ముద్దకు నూనె రాస్తూ, ఒక్కో వెంట్రుకా లాగుతూ, చీకటి పడేదాకా కూర్చుంది. రబ్బరు వదల్లేదు. మంచి రబ్బరు అది, నా చేతి సరుకు. నేను పక్కన కూర్చుని ఏదైనా అనాలనుకున్నాను, నోరు రాలేదు. అదే మౌనం బంగళాలో వచ్చి ఉంటే ఎంత బాగుండేది.

మర్నాడు పొద్దున్నే క్రాణీ మా గది ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతిలో దొర సంతకం పెట్టిన చీటీ. నేను సెలవడిగిన సంగతి విని, రాత్రి భోజనాల దగ్గర దొరసాని పట్టుబట్టి రాయించిందట. కళ్ళెత్తకుండా చదివి వినిపించాడు. అప్పలస్వామికి, భార్యకు, బిడ్డకు ఆరు నెలల సెలవు. తిరిగి వచ్చాక పనీ గదీ యథాప్రకారం. కారణం, బిడ్డ జుట్టు తీయించుట.

నేను చీటీ అందుకున్నాను. ఇంకా నా తెలివి చావలేదు, చూడండి. పైడమ్మ దగ్గరికి వెళ్ళి, ఎల్దాం, అప్పన్న అర్థం చేసుకుంటాడు, జుట్టు ఈలోగా కాస్త పెరుగుతుంది, అదే ఇద్దాం అన్నాను.

పైడమ్మ నా మొహం వైపు చూడలేదు.

"నాను మొక్కింది పుట్టెంటికలు. నా గుంట మళ్ళీ పుడతాదేటి?" అంది.

చీటీని మడిచి రొంటిన దోపుకున్నాను.

మేం వెళ్ళలేదు. తరువాత రబ్బరు ధర పడిపోయి, దొరే తన దేశం వెళ్ళిపోయాడు, చీటీ చిత్తుకాగితమైంది. తోటలో సగం మందిని ఓడలెక్కించి ఇండియా పంపేశారు. మమ్మల్నీ పొమ్మన్నారు. మొక్కు ఎగ్గొట్టినదాన్ని, ఏ మొహం పెట్టుకుని ఆ కొండ చూస్తానని పైడమ్మ కదలలేదు. నూనె పట్టి వెంట్రుకకు వెంట్రుక తీద్దును, కొయ్యకుండా పిల్లని నా కాడికి తెచ్చుంటే సరిపోయేది కదా అని ఏడాదికోసారైనా అనేది. క్రిస్మస్ వచ్చిందంటే ఖాయంగా అనేది. నర్సికి జలుబు చేసినా ఆవిడకు అప్పన్న కోపమే కనిపించేది. పోయినేడు చనిపోయింది, సింహాచలం చూడకుండానే.

నర్సి మాత్రం నిక్షేపంగా ఉంది. దానికే మనవలు వచ్చారు. ఆ రోజు సంగతి అడిగితే దానికి గుర్తున్నది ఎర్ర గౌను, నెత్తి మీద చల్లగా తగిలిన మంచు. తన జన్మలో అంత మంచి రోజు లేదంటుంది. తల్లి బతికుండగా ఆ మాట ఒక్కసారీ అనలేదు.

ముద్ద పైడమ్మ ట్రంకు పెట్టెలో అడుగునే ఉంది. నల్లబడి రాయిలా బిగిసింది. ఎండాకాలం మూత తీస్తే ఇప్పటికీ వాసన కొడుతుంది, కొబ్బరినూనె వాసన కూడా కొంచెం తెలుస్తుంది. నా చేతుల మీదుగా పోయిన రబ్బరంతా ఓడలెక్కి సముద్రాలు దాటింది. దాటాల్సిన ఆ ఒక్క ముద్దా ఇక్కడే ఉండిపోయింది.

కాబట్టి సభాముఖంగా, ఆ ట్రంకు పెట్టె మీద చెయ్యి వేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ దేశపు దొరసాని ఏడ్చినా నేను మంచు చెయ్యను. నన్నెవరూ అడగనప్పుడు, వేరేవాళ్ళ సొమ్ము తీసి దానం చెయ్యను. క్రాణీ చెప్పినట్టు సుమ్మా ఉంటాను. దీన్ని ప్రమాణం అనుకోండి, మొక్కు అనుకోకండి. మా ఇంట్లో మొక్కులు చెల్లించే మనిషి పోయింది.